మోటుపల్లి అభయము: సముద్రపు సుంకము కథ

సుంకరివద్ద సుఖదుఃఖములు చెప్పుకొన్నట్లు అని మనవారిలో ఒక సామెత కలదు. వినిపించుకొనని వానికి మొరపెట్టుకొనుట యని దాని భావము. బండి కట్టుకొని సంతకు పోవు రైతును, ఎద్దులపై సరుకు వేసికొని ఊరూర తిరుగు వర్తకుడును సుంకపు ఠాణా ముందు నిలువబడి తరతరములుగా నేర్చుకొన్న పాఠమది. నేలమీద పోవువాని సంగతియే ఇట్లుండగా, సముద్రముమీద వచ్చువాని గతి యేమి? వానికి రేవు కొత్త, భాష కొత్త, రాజు కొత్త. ఓడలోని సరుకే వాని సర్వస్వము. ఆ సరుకు ఒడ్డునకు దిగిన పిమ్మట అందులో తనదెంత, రాజుదెంత? ఈ ప్రశ్నకు సుమారు ఏడువందల ఎనుబది సంవత్సరముల క్రిందట మన తెలుగుతీరమున ఒక రాజు రాతిమీద జవాబు చెక్కించెను. విదేశమునుండి ఒక పుస్తకమునో, ఒక పనిముట్టునో తెప్పించుకొని, దానితోపాటు వచ్చిన సుంకపు చీటిని చూచి విస్తుపోవు నేటి గృహస్థునకు గూడ ఆ జవాబుతో పని యున్నదని మా అభిప్రాయము. ఆ రాతి కథయే ఈ ప్రసంగమునకు విషయము.

బాపట్ల జిల్లాలో, చీరాలకు దక్షిణమున, సముద్రమునకు చేరువలో మోటుపల్లి యను గ్రామము కలదు. పూర్వము ఇది గుంటూరు జిల్లాలోను, 1970 నుండి ప్రకాశము జిల్లాలోను ఉండి, 2022లో కొత్తగా ఏర్పడిన బాపట్ల జిల్లాలో చేరినది. నేడు ఆ గ్రామమును చూచువారికి అది ఒకప్పుడు దేశదేశముల ఓడలు వచ్చిన మహాపట్టణమని తోచదు. అచ్చటి వీరభద్రాలయ మండపమున ఒక స్తంభముపై కాకతీయ గణపతిదేవ చక్రవర్తి వేయించిన సంస్కృత శాసనము కలదు. దాని కాలము శకవర్షము 1166, అనగా క్రీ.శ. 1244-45. జర్మను పండితుడు హుల్ష్ దీనిని ‘ఎపిగ్రాఫియా ఇండికా’ 12వ సంపుటమున ప్రకటించెను. చరిత్రకారులు దీనిని అభయశాసనమని వ్యవహరింతురు. గణపతిదేవుడు దీనివలన దేవాలయమునకు మాన్యమియ్యలేదు, యుద్ధవిజయమును చాటుకొనలేదు. సముద్రవ్యాపారులకు భయము లేదని మాట యిచ్చెను.

ఆ మాట విలువ తెలియవలెనన్న, అంతకు పూర్వము తీరములందు నడచుచుండిన ఆచారము తెలియవలెను. తుపాను వాతబడి, పోవలసిన రేవు తప్పి, ఏదో యొక తీరమునకు కొట్టుకొనివచ్చిన ఓడలోని సరుకంతయు ఆ తీరపు రాజుదే యనుట నాటి లోకరీతి. సముద్రుడు తెచ్చి ఒడిలో వేసిన సొమ్ము మనది గాక మరెవరిదని వారి వాదము. 13వ శతాబ్ది చివర మన తీరమువెంట ప్రయాణించిన వెనిస్ నగరవాసి మార్కో పోలో, మలబారు తీరమందలి ఏలి రాజ్యమును గూర్చి వ్రాయుచు, వేరొక రేవునకు పోవలసియుండి దారితప్పి అచ్చట లంగరు వేసిన ఓడను ఆ రాజ్యమువారు దోచుకొందురనియు, దేవుడే మిమ్ము మాయొద్దకు పంపెనని చెప్పుదురనియు తెలిపియున్నాడు. ఓడ పగిలిన వర్తకునకు సముద్రము మిగిల్చినదానిని ఒడ్డు మిగులనిచ్చెడిది కాదు.

ఇది ధర్మము కాదని మన పూర్వులకు తెలియకపోలేదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున నావధ్యక్షుని విధులను చెప్పు ప్రకరణము కలదు. గాలివానకు చెదరివచ్చిన ఓడను తండ్రివలె ఆదరింపవలెననియు, నీట తడిసి చెడిన సరుకుపై సుంకము పూర్తిగా మానవలెను, లేదా సగమే తీసికొనవలెననియు అందు విధింపబడినది. ఆ గ్రంథమే బయటినుండి వచ్చు సరుకుపై సామాన్యముగ విలువలో ఐదవ వంతు శుల్కము చెప్పినది. కాని గ్రంథమందలి విధి వేరు, రేవులోని నడవడి వేరు. ఓడ యజమాని అర్థశాస్త్రమును చూపి అధికారితో వాదింపలేడు. అతనికి కావలసినది ఆ రేవును ఏలు రాజు తన పేరుతో ఇచ్చిన మాట.

గణపతిదేవుని శాసనము ఆ మాటనే యిచ్చినది. అన్ని ద్వీపములకు, దేశములకు, పట్టణములకు ఓడలపై పోవుచు వచ్చుచుండు వర్తకులను ఉద్దేశించి రాజు పలికిన పలుకుల సారాంశమిది. పూర్వపు రాజులు తుపానుచే పగిలి తీరమునకు వచ్చిన ఓడలలోని బంగారమును, ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను బలాత్కారముగ లాగికొనుచుండిరి. ప్రాణముకంటె ధనమే ఎక్కువయని తలంచి, మహాసముద్రమును దాటు సాహసమునకు పూనుకొన్న వారియెడ మేము దయగలిగి, కీర్తికొరకును ధర్మముకొరకును, నిర్ణయించిన సుంకము తప్ప తక్కిన సమస్తమును వారికే విడిచిపెట్టుచున్నాము. ఇందు రాజు తన పూర్వుల నడవడిని దాచలేదు. అది ఎట్టిదో చెప్పి, దానిని మానుచున్నానని ప్రకటించెను. వర్తకుని అత్యాశాపరునిగా నిందింపక, అతని సాహసమును గుర్తించెను. రాజ్యమునకు రావలసిన పాలును మాత్రము వదలుకొనలేదు.

ఆ పాలు ఎంత? ఎగుమతులపైనను దిగుమతులపైనను ముప్పదింట ఒక వంతు. నేటి లెక్కలో నూటికి మూడుంబావుకు కొంచెము హెచ్చు. అంతటితో ఆగక, శాసనము కొన్ని సరుకులను పేరుపేరున చెప్పి వాటి సుంకమును నిర్ణయించినది. శ్రీగంధము, కర్పూరము, చీనా కర్పూరము, ముత్యములు, పన్నీరు, దంతము, జవ్వాది, కర్పూరతైలము, రాగి, సీసము, పట్టునూలు, పగడములు, మిరియములు, పోకలు ఆ పట్టికలో కానవచ్చుచున్నవి. పోకలకు లక్షకింతయని లెక్క. చదువుచున్నకొలది మనకు ఒక రేవుయొక్క గిడ్డంగిలో నడచుచున్నట్లుండును. రాగి, సీసము పనివారి కొలిమికి. పట్టునూలు సాలెవారి మగ్గమునకు. పోకలు ప్రతి యింటి తాంబూలపు పళ్లెమునకు.

ఈ శాసనమున దయ మాత్రమే కాక రాజనీతియు గలదు. కాకతీయుల రాజధాని ఓరుగల్లు సముద్రమునకు దూరము. వెలనాటి సీమను జయించిన పిమ్మటనే తీరము వారి వశమైనది. మేలుజాతి గుఱ్ఱములు సముద్రముమీదనే రావలెను. అవి లేనిదే ఆనాటి సైన్యము నిలువదు. గుఱ్ఱములను తెచ్చు వర్తకునకు మోటుపల్లి యొక్కటియే రేవు కాదు. తూర్పుతీరమున ఇతర రాజుల రేవులు ఎన్నియో కలవు. తుపానులో చిక్కిన ఓడను దోచుకొన్న రాజునకు ఒక ఓడ సరుకు దక్కును. మరుసటి సంవత్సరము ఓడలు రావు. ముప్పదింట ఒక వంతుతో తృప్తిపడిన రాజునకు ఏటేట ఓడలు వచ్చును. అంతేగాక, సుంకము ముందే తెలిసిన వర్తకుడు తన రేవులో బయలుదేరకముందే లెక్క వేసికొనగలడు. సరుకు వెల ఇంత, ఓడకూలి ఇంత, సుంకము ఇంత, మిగులునది ఇంత యని తెలిసినప్పుడే అప్పిచ్చువాడు అప్పిచ్చును, ఓడ నడుపువాడు తెరచాప యెత్తును. సుంకము హెచ్చుగా నుండుటకంటె, ఎంతయో తెలియకుండుటయే వర్తకునకు పెద్ద భయము. గణపతిదేవుడు తొలగించినది ఆ భయమునే.

ఫలితము కొలదికాలములోనే కనబడెను. మార్కో పోలో తన గ్రంథమున ‘ముత్‌ఫిలి’ యని పేర్కొన్న రాజ్యము మోటుపల్లి రేవుగాగల కాకతీయ రాజ్యమే. దానిని ఒక రాణి న్యాయముతో పాలించుచుండెనని అతడు ప్రశంసించినాడు. ఆమెను గతించిన రాజుయొక్క భార్యగా అతడు భావించుట పొరపాటు. ఆమె గణపతిదేవుని కుమార్తె రుద్రమదేవి. అచ్చటి వజ్రములను, సాలెపురుగు గూటివలె సన్ననైన వస్త్రములను, వాటిని ధరించుటకు ఇచ్చగింపని రాజుగాని రాణిగాని లోకమున నుండరనియు అతడు వర్ణించెను. దూరదేశీయుడు ఒక రాజ్యమునంతటిని దాని రేవు పేరుతో పిలుచుటనుబట్టియే ఆ రేవు ప్రఖ్యాతి ఎంతటిదో ఊహింపవచ్చును.

1323లో ఓరుగల్లు పతనమైనది. రాజ్యము కూలినప్పుడు దాని మాటయు కూలును. మోటుపల్లి వర్తకులకు మరల ఎవరు అభయమిత్తురు? ఆ భారమును కొండవీటి రెడ్డిరాజులు వహించిరి. అనపోతారెడ్డి కాలమున, 1358లో, అదే మోటుపల్లిలో మరియొక శాసనము వెలసినది. ఇది తెలుగుతోపాటు తమిళమునగూడ వ్రాయబడుట గమనింపదగినది. చదువవలసినవారికి తెలియు భాషలో చెప్పుటయు అభయములో భాగమే గదా. మోటుపల్లికి వచ్చి కాపురముండగోరు వర్తకులకు నివేశనస్థలము లియ్యబడుననియు, వారు తమ సరుకును తమకిష్టమైనవారికి అమ్ముకొనవచ్చుననియు, వెడలిపోదలచినప్పుడు నిరాటంకముగ పోవచ్చుననియు రాజు వాగ్దానము చేసెను. కొడుకులు లేక మరణించినవాని ఆస్తిని రాజు గైకొను అపుత్రిక సుంకము అచ్చట రద్దయ్యెను. గణపతిదేవుడు ఓడ పగిలినవాని సొత్తును కాపాడగా, అనపోతారెడ్డి పరదేశమున కన్నుమూసినవాని సొత్తును గూడ కాపాడెనన్నమాట.

ఈ విధానము మన సాహిత్యమునకు గూడ పంట పండించినది. శ్రీనాథుని హరవిలాసమును అంకితముపొందిన అవచి తిప్పయసెట్టి సముద్రవ్యాపారి. సింహళపు ఏనుగులు, హురుమంజి గుఱ్ఱములు, చీనా పట్టుబట్టలు, కర్పూరము, కస్తూరి, ముత్యములు అతడు తెప్పించిన సరుకులని ఆ కావ్యావతారికవలన తెలియుచున్నది. కుమారగిరిరెడ్డి వసంతోత్సవములకు సుగంధద్రవ్యములను సమకూర్చినది ఆ కుటుంబమే. 16వ శతాబ్దిలో శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో రాజనీతిని చెప్పుచు, రేవులను బాగుచేయించి గుఱ్ఱములు, ఏనుగులు, మణులు, చందనము, ముత్యములు వచ్చునట్లు వాణిజ్యమును పెంపవలెననియు, తుపానువలననో రోగమువలననో తన తీరమున దిగిన పరదేశీయులను వారి వారికి తగినట్లు ఆదరింపవలెననియు ఉపదేశించెను. కౌటిల్యుని విధి, గణపతిదేవుని శాసనము, రాయల కావ్యము, మూడును ఈ విషయమున ఒక్కమాటే చెప్పుచున్నవి.

పడమటితీరమునగూడ ఇట్టి రేవులు లేకపోలేదు. 15వ శతాబ్దిలో పారసీక దేశమునుండి రాయబారిగా వచ్చిన అబ్దుర్ రజాక్ కళ్లికోటను మెచ్చుకొనెను. వర్తకుడు సరుకును అంగడిలో దించి నిశ్చింతగా నుండవచ్చుననియు, సుంకపు అధికారులే దానికి కాపలా యుందురనియు, అమ్ముడైననే నలువదింట ఒక వంతు తీసికొందురనియు, అమ్ముడు కానిచో ఏమియు తీసికొనరనియు అతడు వ్రాసెను. గాలికి దారితప్పి వచ్చిన ఓడను ఇతరస్థలములలోవలె అచ్చట దోచుకొనరని ప్రత్యేకముగ చెప్పుటనుబట్టి, ఆ దురాచారము ఇంకను లోకమున చావలేదని తెలియుచున్నది.

కాలక్రమమున మోటుపల్లి ప్రాభవము తగ్గెను. గోలకొండ సుల్తానుల కాలమున మచిలీపట్టణము వర్ధిల్లెను. అచ్చట సుంకపు రీతి మారినది. రేవు రాబడిని ఇజారాకిచ్చు పద్ధతి ప్రబలినది. ఎక్కువ మొత్తమునకు పాడుకొన్నవాడు ఆ మొత్తమును సుల్తానునకు చెల్లించి, తాను వసూలుచేసికొన్నంత వసూలుచేసికొనును. ఇజారాదారునకు రేపటి ఓడతో పనిలేదు. తన గడువులోపల తన పెట్టుబడి తనకు రావలెను. 1611లో మచిలీపట్టణమునకు తొలిసారి వచ్చిన ఆంగ్లేయ వర్తకులకు మొదట ఒప్పుకొన్న పాలొకటియు, పిదప అడిగిన పాలు వేరొకటియు కాగా తగవులు పుట్టెను. వారు దానికి కనుగొన్న విరుగుడు సుల్తానును ఆశ్రయించుట. 1632లోను 1634లోను అబ్దుల్లా కుతుబ్‌షా వారికి ఫర్మానాల నిచ్చి, తన రేవులలో సుంకముల భారమును తేలిక చేసెను. వాటినే చరిత్రలో బంగారు ఫర్మానా యందురు.

మోటుపల్లి రాతికిని, గోలకొండ ఫర్మానాకును గల భేదమును ఇచ్చట నిలిచి ఆలోచింపవలెను. రాయి రేవులో నిలిచినది. వచ్చిన ప్రతి వర్తకునకు అది వర్తించినది. ఫర్మానా ఒక కంపెనీయొక్క పెట్టెలో నున్నది. ఆ కంపెనీకే వర్తించినది. రేటు స్థిరమైనను, అందరికిని ఒకటి కానప్పుడు అది అభయము కాదు, పక్షపాతము. దాని పర్యవసానమును వంగదేశము చవిచూచెను. 1717లో మొగలు చక్రవర్తి ఫరూఖ్‌సియర్ ఏటా 3,000 రూపాయలు పుచ్చుకొని అచ్చట ఆంగ్లేయ కంపెనీకి సుంకమును మినహాయించెను. కంపెనీ ఉద్యోగులు ఆ దస్తకులను చూపి తమ సొంత వ్యాపారమునకును సుంకము ఎగవేసిరి. సుంకము చెల్లించు దేశీయ వర్తకుడు చెల్లింపని వారితో పోటీచేయలేక నశించుచుండెను. 1763లో నవాబు మీర్‌ఖాసిం అంతర్దేశీయ సుంకమును అందరికిని రద్దుచేసెను. అందరిని సమానులను చేసిన ఆ పనియే కంపెనీకి అపరాధముగ తోచినది. యుద్ధము వచ్చెను, 1764లో బక్సరువద్ద నవాబు పక్షము ఓడిపోయెను. సుంకపు చీటిపై మొదలైన తగవు ఒక దేశపు రాజ్యాధికారమును మార్చుటకు తోడ్పడెను.

అటుపిమ్మట సుంకములు చట్టపు పుస్తకమునకు ఎక్కినవి. రేటు స్పష్టము, అచ్చులో కనబడుచున్నది. అంతమాత్రమున న్యాయము జరిగినదా? మచిలీపట్టణపు అద్దకపు బట్టలు ఇంగ్లండులో అమితముగ ప్రీతిపాత్రమైన కాలమున, తమ నేతగాండ్రకు నష్టమని అచ్చటి పార్లమెంటు 1700లో రంగుల నూలుబట్టల దిగుమతిని దేశీయ వినియోగమునకు నిషేధించెను; 1721లో వాటిని ధరించుటనే నిషేధించెను. తరువాత యంత్రముల బట్ట మన దేశముపై పడినప్పుడు మాత్రము స్వేచ్ఛావాణిజ్యము ధర్మమని బోధించిరి. 1882లో కొన్ని వస్తువులు తప్ప తక్కినవాటిపై దిగుమతి సుంకములు ఎత్తివేయబడెను. ఖజానా వట్టిపోగా 1894లో మరల సుంకములు విధించిరి. లాంకషైరు మిల్లుదారులు గోలపెట్టగా, 1896లో విదేశపు బట్టపై నూటికి మూడున్నర సుంకము విధించి, మన మిల్లుబట్టపైనను సరిగా నూటికి మూడున్నర ఎక్సైజు పన్ను వేసిరి. విదేశపు బట్ట తన యింటిలో చెల్లించునంతయే మన బట్ట మన యింటిలో చెల్లింపవలసి వచ్చెను. ఈ పన్ను 1925 డిసెంబరులో నిలిపివేయబడి, 1926లో రద్దయ్యెను. రేటు రాతిమీద నున్నను, పుస్తకమున నున్నను, దానిని నిర్ణయించువారు చెల్లించువారికి జవాబుదారులు కానప్పుడు అన్యాయము అచ్చులోనే యుండగలదు.

ఈ పత్రికను చదువు కుటుంబములకు మరింత దగ్గరి ఉదాహరణ మొకటి మనవి చేయుదుము. మన దేశమున రేడియో సముద్రముమీద వచ్చిన సరుకు. దాని ప్రసారములు నిలువద్రొక్కుకొనుటకు సుంకమును ఒక కారణము. 1927లో ప్రారంభమైన ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీకి లైసెన్సు రుసుములో ఐదింట నాలుగు వంతులును, దిగుమతియగు రేడియో సామగ్రి వెలపై నూటికి పది చొప్పున కట్నమును ఆధారములు. అవి చాలక ఆ కంపెనీ 1930లో మూతపడగా, ప్రభుత్వము ప్రసారములను తన చేతిలోనికి తీసికొనెను. 1932లో రేడియో సెట్లపై దిగుమతి సుంకమును నూటికి 25 నుండి 50కి పెంచిరి. ఆ సంవత్సరాంతమున లండనునుండి ప్రసారములు మొదలై సెట్ల గిరాకి హెచ్చుటతో సుంకపు రాబడియు హెచ్చెను. ఆ రాబడి ప్రసారములకు ఊతమైనది. సెట్టు కొన్నవాడు చెల్లించిన సుంకము అతనికి పాటగా, వార్తగా తిరిగివచ్చెను. తాను చెల్లించినది ఎందులకు వినియోగపడుచున్నదో కంటికి, చెవికి తెలిసినప్పుడు సుంకపు బరువు కొంత తగ్గునని దీనివలన గ్రహింపవచ్చును.

స్వాతంత్ర్యానంతరము ఈ వ్యవహారమునకు పునాది మారినది. చట్టముయొక్క అధికారము లేనిదే ఏ పన్నును విధింపరాదు, వసూలు చేయరాదు అని మన రాజ్యాంగములోని 265వ అధికరణము శాసించుచున్నది. 1878 నాటి సముద్ర సుంకముల చట్టమునకు బదులుగ 1962లో కస్టమ్స్ చట్టము వచ్చినది. సుంకపు అధికారి నిర్ణయమువలన నష్టపడితినని తలంచువాడు ఆ నిర్ణయము తనకు తెలిసిన అరువది దినములలో పై అధికారియైన అప్పీళ్ల కమిషనరునకు విన్నపము చేసికొను హక్కు ఆ చట్టములో కలదు. సుంకరివద్ద సుఖదుఃఖములు చెప్పుకొనుట వ్యర్థమన్న సామెతకు ఇది చట్టము చెప్పిన సమాధానము.

ఇక నేటి గృహస్థు సంగతి. విదేశమునుండి తెప్పించిన వస్తువుపై పన్ను ఎట్లు లెక్కవేయుదురో తెలియనందువలననే సగము ఆశ్చర్యము కలుగుచున్నది. వస్తువు వెల మాత్రమే లెక్కలోనికి రాదు. దానిని పంపుటకైన కిరాయియు, బీమాయు కలిసినదే సుంకమునకు ఆధారమగు విలువ. ఆ మొత్తము 10,000 రూపాయలనుకొందము. రేట్లు వస్తువునుబట్టియు, అది వచ్చిన విధమునుబట్టియు మారును గనుక, లెక్క తీరు తెలియుటకై మూల సుంకము నూటికి 10 అని ఊహింతము. అది 1,000 రూపాయలు. 2018లో ప్రవేశపెట్టబడిన సాంఘిక సంక్షేమ సర్‌ఛార్జి ఆ సుంకముపై నూటికి 10 చొప్పున మరి 100 రూపాయలు. ఇప్పుడు మొత్తము 11,100. 2017 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన వస్తుసేవల పన్ను ఈ 11,100 పైననే పడును గాని, మొదటి 10,000 పైన కాదు. అది నూటికి 18 అనుకొన్నచో 1,998 రూపాయలు. అన్నియు కలిపి 3,098 రూపాయలు. పదియు, పదునెనిమిదియు కలిసి ఇరువదియెనిమిది కావలసియుండగా ముప్పదియొకటికి చేరువయైనదేమని అడుగువారికి, పన్నుపై పన్ను పడుటయే కారణమని సమాధానము.

ఇవిగాక, సరుకును చేరవేయు సంస్థలు తామే ముందుగ సుంకమును చెల్లించి పత్రములు నడిపినందుకు ప్రత్యేకముగ రుసుము తీసికొనుట కలదు. అది ప్రభుత్వపు పన్ను కాదు. చీటిలో ఏది యేదో విడదీసి చూచుకొనవలెను. బహుమతియని పంపిన వస్తువునకు పన్ను ఉండదని పలువురు నేటికిని నమ్ముచున్నారు. 5,000 రూపాయలకు లోబడిన కానుకలకు ఒకప్పుడు ఆ సౌకర్యముండెడిది. దానిని కొందరు వ్యాపారమునకు వాడుకొనుచున్నారని, 2019 డిసెంబరులో తపాలాద్వారా, కొరియరుద్వారా కానుకల పేరిట సరుకులు దిగుమతి చేసికొనుటను ప్రభుత్వము నిషేధించెను. ప్రాణరక్షకములైన ఔషధములకును, రాఖీలకును మాత్రము మినహాయింపు నిచ్చినది. సోదరి పంపిన దారమును అడ్డగింపరాదని చట్టము వ్రాసినవారికి తోచుట ముదావహమే. అయినను, ఈ మార్పు జరిగినదని తెలియక కానుక పంపినవారి నష్టము తెలియకపోవుటవలన కలిగిన నష్టమే.

మోటుపల్లి రేటును నేటి రేటుతో పోల్చి, ఆనాడు ముప్పదింట ఒక వంతుగదా, ఈనాడింతయా యని నిట్టూర్చుట సులభము. కాని ఆ పోలిక సరియైనది కాదు. నేటి సుంకములో రాబడితోపాటు మన పరిశ్రమలను కాపాడు ఉద్దేశమును గలదు. నేటి ప్రభుత్వమునకు బడులు, వైద్యశాలలు, బాటలు, ఎన్నియో బాధ్యతలు కలవు. హెచ్చుతగ్గులను గూర్చి పౌరులు వాదింపవచ్చును, వాదింపవలెను. మోటుపల్లి మనకిచ్చు కొలబద్ద వేరు. సుంకము ఎంతయో ముందుగ తెలియునా? అందరికిని ఒక్కటేనా? దురదృష్టవశమున చిక్కినవాని నిస్సహాయతను ఆసరాగ తీసికొని అధికము లాగుచున్నామా? చెల్లించువాడు చదువగల భాషలో అది వ్రాయబడియున్నదా? ఈ నాలుగు ప్రశ్నలకు సంతృప్తికరమైన సమాధానము దొరికిన రేవు అభయమిచ్చు రేవు. దొరకనిది ఎంత తక్కువ సుంకము తీసికొన్నను భయపెట్టు రేవే.

సముద్రము వెనుకకు తగ్గినది. ఓడలు వేరు రేవులు వెదకికొన్నవి. పొట్లములు నేడు ఆకాశమార్గమున వచ్చుచున్నవి. వీరభద్రాలయ మండపములోని స్తంభము మాత్రము నిలిచియున్నది. తీరప్రాంతమునకు పోవువారు చీరాలవరకు పోయి మరలిరాక, ఇంకను కొంత దూరము నడచి, ఆ రాతిని ఒకపరి చూచి రావలసినదిగా కోరుచున్నాము. లిపి చదువరాకపోయినను విచారములేదు. తీసికొనగలిగియుండియు తీసికొననని ఒక రాజు అచ్చట మాట యిచ్చెనని తెలిసియుండిన చాలును.